టౌన్‌ప్లానింగ్‌లో బదిలీల వేళ: అక్రమ కట్టడాలకు ఊరంతటికీ ఒకే స్క్వాడా, వార్డు కార్యదర్శులేనా?

కాలువగట్టు:
మాది కోస్తాలో 36 వార్డుల మునిసిపాలిటీ. టీపీఓ (టౌన్ ప్లానింగ్ ఆఫీసరు) బదిలీపై వెళ్లిపోయారు. ఉన్న ఇద్దరు టీపీబీఓల్లో (బిల్డింగ్ ఓవర్సీర్లు) ఒకరు నెలాఖరుకి రిటైరవుతున్నారు. ప్రస్తుతానికి టీపీఎస్‌కే (టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు) ఇన్‌ఛార్జి ఇచ్చారు. ఈలోగా కమిషనర్ టేబుల్ మీదికి ఒక ప్రతిపాదన వచ్చింది. వార్డు ప్లానింగ్ కార్యదర్శుల చేతుల్లోంచి అక్రమ కట్టడాల పని తీసేసి, నలుగురైదుగురితో ఊరంతటికీ ఒక ఎన్‌ఫోర్స్‌మెంట్ స్క్వాడ్ పెడతారట. కార్యదర్శులకు ప్లాన్ల పరిశీలన ఒక్కటే మిగులుతుంది. అనధికార కట్టడాల రిజిస్టరులో 140 దాకా నోటీసులు తేలకుండా ఉన్నాయి. ఈ మార్పు ఇప్పుడే చెయ్యాలా, కొత్త టీపీఓ వచ్చాకా? అసలు చెయ్యాలా? పని తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_టీపీ:
ఇప్పుడే చెయ్యాలి. కొత్త ఆఫీసరు వచ్చాక ఎవరి కుర్చీ వాళ్లు సర్దుకుంటారు, ఇక ఏదీ కదలదు.

ప్లాను చూసి సరేనన్న మనిషే, ఆ ప్లాను దాటి కట్టారని రిపోర్టు రాయాలి. రాయడు. చెడ్డవాడని కాదు. రాస్తే "మరి మొదట ఏం చూశావ్?" అన్న ప్రశ్న తన మీదికే వస్తుంది. అనుమతి ఇచ్చే చెయ్యి, తనిఖీ చేసే చెయ్యి వేరుగా ఉండాలన్నది నా మాట.

స్క్వాడ్ ఎలా ఉండాలంటే: పైన టీపీఎస్, కింద ఒక టీపీబీఓ, ఇద్దరు కార్యదర్శులు, కొలతలకు సాయంగా ఒక చైన్‌మన్. ఒక బండి, 30 మీటర్ల టేపు, లేజర్ మీటరు, తేదీ, లొకేషన్ పడే ఫోన్ కెమెరా. 36 వార్డుల్ని ఆరు బీట్లు చేసి రోజుకొక బీటు తిరగాలి. ప్రతి కట్టడాన్నీ మూడుసార్లు చూడాలి: మార్కింగు అప్పుడు, ప్లింతు లేచాక, శ్లాబుకి ముందు. మూడోదే ప్రాణం. సెంట్రింగు దశలో ఆపితే చెక్క, ఇనుము విప్పడం ఒక్కరోజు పని, ఇంటాయనకీ పెద్ద నష్టం ఉండదు. కాంక్రీటు పోశాక ఐఎస్ 456 (కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం) ప్రకారం 4.5 మీటర్లు దాటిన శ్లాబుకి 14 రోజులు ఆధారాలు తియ్యకూడదు. ఆ 14 రోజుల్లో ఇంటాయన కోర్టుకెళ్లి ఇంజంక్షన్ తెచ్చుకుంటాడు. ఆ తర్వాత బ్రేకరు తెచ్చి నాలుగు బొక్కలు కొట్టి ఫొటో తీసుకోవడం తప్ప మిగిలేది లేదు. నాలుగు రోజుల్లో ఆ బొక్కలు పూడ్చేస్తారు.

అక్రమ శ్లాబులు ఎక్కువగా పడేది శనివారం రాత్రి, ఆదివారం పొద్దున. ఆఫీసు సెలవు గనక. అందుకే స్క్వాడ్‌కి ఆదివారం డ్యూటీ వేసి, బుధవారం వీక్లీ ఆఫ్ ఇవ్వాలి.

వార్డు_ప్లానింగ్:
గోదారి గారూ, వీధిలో ఇసుక కుప్ప పడిన రోజే నాకు తెలుస్తుంది. మీ స్క్వాడ్ ఆ వీధికి వారానికోసారి వస్తుంది. ఆ వారంలో పునాది లేచిపోతుంది. 2019 అక్టోబరు 2న సచివాలయాలు పెట్టినప్పుడు వార్డుకొక ప్లానింగ్ మనిషి అన్నది ఇందుకే.

మీరు వదిలేసిన సంగతి ఇంకోటుంది. పీజీఆర్ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పోర్టల్) ఎవరైనా అక్రమ కట్టడం మీద అర్జీ పెడితే మా దగ్గర అది వచ్చి పడేది వార్డు కార్యదర్శి లాగిన్లో. స్క్వాడ్ వచ్చినంత మాత్రాన ఆ మ్యాపింగ్ మారదు. పని స్క్వాడ్‌ది, గడువు దాటిందన్న మెమో నాది! ముందు ఆ మ్యాపింగ్ మార్పించండి, తర్వాత స్క్వాడ్ మాటెత్తండి.

2025లో హేతుబద్ధీకరణ చేసి సచివాలయాల్ని జనాభాతో విడగొట్టారు. 2,500 లోపు ఆరుగురు ఉద్యోగులు, 3,500 వరకు ఏడుగురు, ఆపైన ఎనిమిది మంది. ఉన్న మనుషుల్లోంచే సర్వేలకీ, పన్ను వసూళ్లకీ తీస్తున్నారు. అందులోంచి మళ్లీ ఇద్దర్ని స్క్వాడ్‌కి తీస్తే ఆ రెండు వార్డుల్లో ప్లాన్లు ఎవరు చూస్తారు?

సంతకం:
వెళ్లిపోయిన టీపీఓ డిజిటల్ సంతకం లాగిన్ నుంచి తీశారా? ఆ సంతకం మనిషి పేరు మీద ఉంటుంది, పోస్టు పేరు మీద కాదు. ఇన్‌ఛార్జి ఆయనకు తన సంతకం మ్యాప్ కానంతవరకు డీపీఎంఎస్‌లో (ప్లాన్ల అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ) ఫైళ్లు పాత లాగిన్లోనే పడుంటాయి. గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

హైకోర్టు_గుమ్మం:
స్క్వాడా, కార్యదర్శులా అన్నది తర్వాత చూద్దాం. ఆ 140 నోటీసుల సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు.

మునిసిపాలిటీ గనక 1965 మునిసిపాలిటీల చట్టంలో అక్రమ కట్టడాల కూల్చివేత గురించిన సెక్షన్ 228 వర్తిస్తుంది. ముందు ప్రొవిజనల్ ఆర్డరు, సంజాయిషీ నోటీసు, ఆ తర్వాత కన్ఫర్మేషన్ ఆర్డరు. ఫైళ్లను మూడు కట్టలుగా విడగొట్టండి. ప్రొవిజనల్ ఆర్డరు దగ్గరే ఆగినవి ఒకటి. సమాధానం వచ్చి విచారణ జరగనివి రెండోది. విచారణ జరిగి తుది ఉత్తర్వు రానివి మూడోది. ఈ మూడో కట్టే ప్రమాదం. పాత ఆఫీసరు విని వెళ్లిపోయాడు, కొత్తాయన ఫైలు చదివి ఆర్డరు వేస్తాడు. అది కోర్టులో నిలబడదు. 1958లో గుల్లపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: విన్నది ఒకరు, నిర్ణయించింది మరొకరు అయితే ఆ విచారణ వట్టి లాంఛనమే. అది మన ఆంధ్ర ఆర్టీసీ బస్సు రూట్ల తగాదాలోంచి వచ్చిన తీర్పే. మూడో కట్టలో ప్రతి ఫైలుకీ మళ్లీ విచారణ తేదీ ఇవ్వాలి.

ఇక కూల్చివేతల మీద 2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు. నోటీసు చేరిన రోజు నుంచి 15 రోజులు, స్థానిక చట్టం అంతకంటే ఎక్కువ గడువిస్తే అదే. నోటీసు ఇవ్వగానే కలెక్టరు కార్యాలయానికి ఈమెయిలు. వ్యక్తిగత విచారణ, దాని మినిట్స్. తుది ఆర్డరులో ఆ ఉల్లంఘన రాజీకి (రుసుము కట్టించుకుని వదిలెయ్యడానికి) వీలైనదా కాదా, కూల్చడం తప్ప దారి ఎందుకు లేదో రాయాలి. ఆర్డరు తర్వాత యజమాని తనే తీసేసుకోడానికి మరో 15 రోజులు. కూల్చే ముందు ఇద్దరు పంచుల (సాక్షుల) సంతకంతో తనిఖీ రిపోర్టు, కూల్చేటప్పుడు వీడియో. వీటిలో ఏది తప్పినా ఆఫీసరు సొంత జేబులోంచి నష్టపరిహారం కట్టాల్సిన పరిస్థితి. రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్క, నది, చెరువు లాంటి చోట్ల ఆక్రమణలకు, కోర్టే కూల్చమన్న వాటికి మాత్రం ఇవి వర్తించవు.

గోదారి_టీపీ:
లాయరు గారూ, మీరు చెప్పేవన్నీ నోటీసు ఇచ్చాక జరిగేవి. నేను మాట్లాడేది నోటీసు దాకా రాని వాటి గురించి. పట్టుకున్నవి 140 అయితే, పట్టుకోనివి ఎన్ని?

హైకోర్టు_గుమ్మం:
140 చక్కబెట్టలేని ఆఫీసు ఇంకో 140 పట్టుకుని ఏం చేస్తుంది? నోటీసు చేరిన తేదీకి రుజువు ఉందా చెప్పండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. పాత అలవాటుతో తపాలా గుమాస్తా మామూలు స్పీడ్ పోస్టు వేస్తే ఇంట్లో ఎవరో పిల్లాడు తీసుకున్నట్టు వస్తుంది. రిజిస్ట్రేషన్ సేవ అదనంగా అడగాలి, డెలివరీ రుజువు ప్రింటు తీసి ఫైల్లో కుట్టాలి. దాంతోపాటు కట్టడం గోడకి నోటీసు అంటించి ఫొటో తియ్యాలి. 15 రోజుల లెక్క మొదలయ్యేది అక్కణ్ణుంచే.

గోదారి_టీపీ:
మళ్లీ నోటీసే!

పక్కింటిబాధ:
మా పక్కవాళ్లు మెట్లు మా ప్రహరీ మీదికే కట్టారు. నా అర్జీకి "నోటీసు ఇవ్వబడింది" అని రాసి మూసేశారు. మెట్లు అక్కడే ఉన్నాయి. స్క్వాడ్ వస్తే ఈ మూసెయ్యడం ఆగుతుందా, అది చెప్పండి.

వార్డు_ప్లానింగ్:
ఆగదండి. లాగిన్‌కి గడువుంది, 228 కింద నడిచే కేసుకి నెలలు పడుతుంది. గడువులోగా ఏదో ఒకటి రాసి మూయక తప్పదు. అర్జీ మూసేటప్పుడు నోటీసు నంబరు, విచారణ తేదీ రాయాలని కమిషనర్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. అప్పుడు మీరు ఆ తేదీ పట్టుకుని మళ్లీ అడగొచ్చు. దీనికి స్క్వాడ్ అక్కర్లేదు.

ఎల్‌టీపీ_భీమవరం:
రిటైరయ్యే టీపీబీఓ చార్జి లిస్టులో ఏముండాలో ఎవరూ చెప్పలేదు. పెద్ద కట్టడాలకు 10 శాతం నిర్మిత విస్తీర్ణం మునిసిపాలిటీకి మార్టిగేజ్ (తాకట్టు) చేయించుకుంటారు కదా, ఆ పత్రాల రిజిస్టరు ముందు తీసుకోండి. అది కనపడకపోతే ఏడాది తర్వాత ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చినా మార్టిగేజ్ విడిపించలేరు, ఫ్లాటు కొన్నవాళ్లు తిరుగుతూనే ఉంటారు. సీలు వేసిన షట్టర్ల తాళాలు, స్వాధీనం చేసుకున్న సామాన్ల జాబితా, కోర్టు కేసుల రిజిస్టరు, కేవియట్లు వేసిన తేదీలు కూడా. కేవియట్ (మమ్మల్ని వినకుండా స్టే ఇవ్వొద్దని కోర్టులో ముందే వేసేది) 90 రోజులే పనిచేస్తుంది. పాత ఆఫీసరు వేసింది ముగిసిన మర్నాడే అవతలివాళ్లు స్టే తెచ్చుకుంటారు.

ఇంకోటి, ప్రతి తేడా అక్రమం కాదు. ముందువైపు తప్ప మిగతా సెట్‌బ్యాకుల్లో (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) 10 శాతం లోపు తేడాని రుసుము కట్టించుకుని రాజీ చెయ్యొచ్చు. కొత్త స్క్వాడ్ ఉత్సాహంలో అలాంటి వాటికీ 228 నోటీసులిస్తే రిజిస్టరు 140 నుంచి 400కి పోతుంది, అసలైనవి అందులో మునిగిపోతాయి.

పన్ను_సెక్షన్:
అనుమతి లేని కట్టడానికి ఆస్తిపన్ను మీద 100 శాతం పెనాల్టీ వేస్తున్నాం. రెవెన్యూ వాళ్ల దగ్గర ఆ జాబితా రెడీగా ఉంటుంది. టౌన్‌ప్లానింగ్ రిజిస్టరుతో దాన్ని పోల్చి చూశారా ఎప్పుడైనా? పెనాల్టీ కడితే ఇల్లు సక్రమం అయిపోయిందని జనం అనుకుంటున్నారు. కాదు. పెనాల్టీ వసూలు చేశామని కూల్చే హక్కు పోదు.

గోదారి_టీపీ:
చూశారా, ఇది నా వాదనకే బలం. ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఒకచోట ఉండాలి. ఒక్కో వార్డులో ఒక్కొక్కరు ఉంటే ఎవరికి పడుతుంది? నిజం చెప్పుకుందాం. వార్డుల్లో ఇళ్లు లేస్తుంటే కార్యదర్శులకు తెలియక కాదు, చూసీ ఊరుకుంటున్నారు.

వార్డు_ప్లానింగ్:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను రాసిన రిపోర్టులు ఆఫీసులో ఆగిపోయినప్పుడు ఎవరు ఊరుకున్నారు? "పైనుంచి చెప్పారు, ఆపు" అని ఫోన్ వస్తుంది. కాగితం మీద ఏమీ ఉండదు. రేపు విజిలెన్స్ వస్తే సైటు ఫొటోలో ఉండేది నేను, తనిఖీ తేదీ ఉండేది నా లాగిన్లో. ఆపమన్నాయన పేరు ఎక్కడా ఉండదు.

మీ స్క్వాడ్ పట్టుకోడానికని నేను అనుకోవడం లేదు. ఎవర్ని వదలాలో ఒకేచోట తేల్చుకోడానికి అది వీలు. ఇప్పుడు 36 మందికి ఫోన్ చెయ్యాలి, అప్పుడు ఒక్క టీపీఎస్‌కి చేస్తే చాలు.

గోదారి_టీపీ:
వదలడం ఇప్పుడూ జరుగుతోంది, రాత లేకుండా. ఐదుగురు కలిసి రోజుకి మూడు పంచనామాలు పక్కాగా రాస్తే గొప్ప. అన్నీ పట్టుకోలేం. ఏది ముందు, ఏది వెనక అన్నది ఎవరో ఒకరు తేల్చక తప్పదు. నేను రాసి పెట్టమంటున్నాను. డ్రెయిను, రోడ్డు, కాలువ గట్టు మీది ఆక్రమణలు ముందు. తర్వాత అనుమతి లేకుండా శ్లాబు దశకి వచ్చినవి. తర్వాత ప్లాన్లో లేని పై అంతస్తు. జనం కాపురం ఉంటున్న పాత ఇళ్ల సెట్‌బ్యాకులు ఆఖర్న. ఈ వరుస తప్పి ఒక కట్టడాన్ని పక్కన పెడితే ఎవరు పెట్టమన్నారో ఫైల్లో రాయాలి.

వార్డు_ప్లానింగ్:
ఆ చివరి వాక్యం మొదటి పోస్టులోనే రాసుంటే నేను ఇంతసేపు వాదించేవాణ్ణి కాదు. ఆ వరుస కౌన్సిల్ తీర్మానంగా పెట్టండి, పంచనామా నేనే రాస్తాను.

గోదారి_టీపీ:
కౌన్సిల్ తీర్మానం ఒప్పుకోను. ప్రతి కౌన్సిలరూ తన వార్డుని ఆఖర్న పెట్టమంటాడు. కమిషనర్ ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఉత్తర్వు) చాలు.

వార్డు_ప్లానింగ్:
కమిషనర్ ప్రొసీడింగ్స్ అంటే కమిషనర్ మారిన రోజున చెల్లు. మనం మాట్లాడుతున్నదే బదిలీల గురించి! తీర్మానమైతే రద్దు చెయ్యడానికి మళ్లీ సభ పెట్టాలి, అందరి ముందూ చెయ్యెత్తాలి.

హైకోర్టు_గుమ్మం:
వరుస ఎవరు రాసినా రాయండి. 228 కింద ఆర్డరు వేసేది కమిషనర్ అయినప్పుడు, విచారణ టీపీఎస్ చేసి ఫైలు పైకి పంపితే బదిలీలు లేకపోయినా గుల్లపల్లి లోపమే. విచారణకు కమిషనరే కూర్చోవాలి. వారానికొక పూట, పూటకు పది ఫైళ్లు చూస్తే మూడో కట్ట కొన్ని నెలల్లో తేలుతుంది.

గోదారి_టీపీ:
దీన్ని మాత్రం ఒప్పుకుంటున్నాను. వారానికొక పూట ఇవ్వలేని కమిషనర్ దగ్గర స్క్వాడూ పనిచెయ్యదు.

కాలువగట్టు:
నెలాఖరుకి పది రోజులుంది. ముందు రిటైరయ్యే టీపీబీఓ గారి దగ్గర మార్టిగేజ్ రిజిస్టరు, తాళాలు, కేవియట్ తేదీలు సంతకం పెట్టించి తీసుకోమని ఇన్‌ఛార్జి టీపీఎస్‌ని అడుగుతాను. 140 ఫైళ్లలో మూడో కట్టవి ఎన్నో లెక్క తీయించమని కూడా. తీర్మానమా, ప్రొసీడింగ్సా అన్నది మీ ఇద్దరూ ఇంకా తేల్చలేదు. కౌన్సిల్ అజెండా వచ్చే శుక్రవారం మూసేస్తారు, ఈలోగా రాయండి.

వార్డు_ప్లానింగ్:
పీజీఆర్ఎస్ మ్యాపింగ్ మార్పు కూడా అదే కాగితంలో అడగండి. అది లేకుండా స్క్వాడ్ ఆర్డరు ఇస్తే మా యూనియన్ తరఫున అభ్యంతరం పెడతాం.