సైఫై హీరోకి తూర్పు తత్వం, యుద్ధవిద్య: వేషంలా కాకుండా కథలోకి ఎలా తేవాలి?

పర్లాకిమిడి పాఠకుడు

అందరికీ నమస్కారం. ఓ సైన్స్ ఫిక్షన్ నవలిక రాస్తున్నాను. కాలం 2300 దరిదాపులు, స్థలం గిర్రున తిరుగుతూ బరువు పుట్టించుకునే స్పేస్ స్టేషన్. హీరో పూర్వీకులు మా ఒడిశా గజపతి జిల్లా తెలుగువాళ్ళు. వాడు స్టేషన్ కాపలా దళంలో అధికారి, విలుకాడు కూడా. తుపాకీ పేలిస్తే గోడకి చిల్లు పడుతుందని లోపల విల్లూ కర్రా మాత్రమే వాడతారు. అంతవరకు కుదిరింది.

మనిషే కుదరలేదు. ఇప్పుడున్న డ్రాఫ్టులో వాడు సమురాయ్‌లా కత్తి దూస్తాడు, జెన్ గురువులా ముక్తసరిగా మాట్లాడతాడు, కష్టమొస్తే గీత శ్లోకం అందుకుంటాడు. చదివినవాళ్ళు ‘‘వేషం అదిరింది, లోపల ఎవరూ లేరు’’ అని తేల్చేశారు. ఏ సంప్రదాయం పట్టుకోవాలి, అది ఉపన్యాసం అయిపోకుండా కథలో ఎక్కడ పని చెయ్యాలి? తిరిగే స్టేషన్లో బాణం ఎలా పోతుందో తెలిసినవాళ్ళుంటే అదీ చెప్పండి.

రుషికుల్య గట్టు

హీరోది గజపతి జిల్లా అంటూ మళ్ళీ జపాన్ దాకా ఎందుకండీ? పక్కనే పైకులు, అంటే ఒడిశా రాజుల రైతు సైనికులు, ఉన్నారు కదా.

పైకులు ఏడాది పొడవునా కత్తి పట్టుకు తిరిగేవాళ్ళు కారు. వాళ్ళకి రాజు ఇచ్చిన పన్నులేని భూమి ఉండేది. యుద్ధం లేనప్పుడు సేద్యం, ఊరి కాపలా. పిలుపొస్తే ఖండా అనే కత్తి, డాలు తీసేవారు. చేసే పనినీ పట్టే ఆయుధాన్నీ బట్టి ప్రహరి, బణువా, ఢెంకియా అని మూడు తరగతులు. 1803లో ఒడిశా ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాక ఆ భూములు పోయాయి. అప్పటిదాకా గవ్వల్లో చెల్లిన శిస్తు వెండి రూపాయిల్లో కట్టమన్నారు, ఉప్పు ధర పెంచేశారు. 1817లో బక్షి జగబంధు ముందు నడవగా ఖుర్దా పైకులు తిరగబడ్డారు. మన గంజాం వైపు ఘుముసర్ నుంచి కంధు గిరిజనులు వెళ్ళి కలిశారు.

ఇందులో మీకు దొరికే సరుకు కత్తి కాదు, ఆ ఒప్పందం. స్టేషన్లో భూమి ఉండదు. దాని బదులు కాపలా కుటుంబాలకి వంశపారంపర్యంగా గాలి, నీళ్ళ కోటా, ఓ కేబిన్ ఇచ్చారనుకోండి. కొత్త యాజమాన్యం వచ్చి కోటా రద్దు చేసి ‘‘ఇకనుంచి జీతం, అదీ మా క్రెడిట్లలో’’ అంటుంది. అప్పుడు మీ వాడి విధేయత ఎవరికి? స్టేషన్‌కా, మాటిచ్చిన పాత యజమానికా, కోటా పోయిన తమ్ముళ్ళకా? ధర్మసంకటం అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా అది నడిచిపోతుంది.

శిక్షణ సీన్ల సంగతి. మయూర్‌భంజ్ ఛౌ నాట్యానికి మూలం పైకుల డాలు-కత్తి సాధన. అందులో టోప్కాలని నడకలు, వాటి మీద ఉఫ్లీలని 36 కదలికలు ఉంటాయి. ఆ ఉఫ్లీలు చాలామటుకు ఇంటి పనులే: పేడ కలపడం, వడ్లు దంచడం, గిన్నెలు తోమడం. యోధుడి ఒంట్లోకి ఇల్లాలి చేతి పని ఎక్కించిన విద్య అది. మీ స్టేషన్ అఖాడాకి (సాధనశాలకి) ఉఫ్లీలు మీరే తయారు చెయ్యండి: వాల్వు తిప్పడం, ఫిల్టరు దులపడం, చిల్లు మీద అతుకు అదమడం. ఐదో అధ్యాయంలో వాడు అతుకు అదుముతుంటే పాఠకుడికి విసుగు రావాలి. పదిహేనులో అదే అదుముడుతో ఎదుటివాడి మణికట్టు లొంగాలి. పేడ కలిపే ఉఫ్లీని మాత్రం అలాగే ఉంచెయ్యమంటాను. ఆవంటే ఏమిటో తెలియని పిల్లలు దాన్ని సాధన చేస్తుంటే అంతకంటే మంచి సైఫై వివరం దొరకదు.

దెగ్లూరు రోడ్డు

పైన చెప్పినదానికి ఒక చేర్పు. సమురాయ్‌ని అంత తేలిగ్గా వదిలెయ్యక్కర్లేదు, సినిమా సమురాయ్‌ని వదిలితే చాలు. 1603 నుంచి 1868 దాకా జపాన్‌లో తొకుగావా వంశం ఏలిన శాంతికాలం. ఆ రెండున్నర శతాబ్దాల్లో ఎక్కువమంది సమురాయ్‌లు లెక్కలు రాసుకునే ఉద్యోగులు. హోదా కొకుల్లో కొలిచేవారు. ఒక కొకు అంటే సుమారు 180 లీటర్ల బియ్యం. 1876లో కత్తి ధరించడం నిషేధించారు, అదే ఏడు భత్యాలు ఎత్తేసి బాండ్లు చేతిలో పెట్టారు. 1877లో సమురాయ్‌ల సత్సుమా తిరుగుబాటు. ఖుర్దా కథే, అరవై ఏళ్ళ తర్వాత. ఇప్పుడు అందరూ చెప్పుకునే బుషిదో అనే సమురాయ్ నీతి ఈ రూపంలో ప్రపంచానికి తెలిసింది 1900లో నితోబే ఇనాజో ఇంగ్లీషులో రాశాక. అప్పటికి సమురాయ్ వర్గమే లేదు. పోయిన వర్గం గురించి తర్వాతివాళ్ళు అల్లుకున్న ఆదర్శం అన్నమాట. మీ హీరో తాతల గురించి స్టేషన్ స్కూల్లో ఇలాంటి పాఠమే చెప్తారని పెట్టండి, వాడికి మొదట్లో అది నిజమే అనిపించాలి.

ఇక తత్వం. మా నాందేడ్ వైపు వస్తే హజూర్ సాహిబ్ గురుద్వారా ఉంది, సిక్కు గురువు గోబింద్ సింగ్ 1708లో కన్నుమూసింది అక్కడే. సాధువే సైనికుడు కూడా అనే సంత్-సిపాయి భావన చూడండి. 1606లో గురు హరగోబింద్ రెండు కత్తులు ధరించారు, ఒకటి లౌకికాధికారానికి, ఒకటి ఆధ్యాత్మికాధికారానికి. 1705లో గురు గోబింద్ సింగ్ ఔరంగజేబుకు పారసీలో రాసిన లేఖలో ఒక నియమం ఉంది: వేరే ఉపాయాలన్నీ అయిపోయాకే కత్తి మీద చెయ్యి వెయ్యడం ధర్మసమ్మతం.

కథకుడికి ఇది చాలా పనికొచ్చే నియమం, ఎందుకంటే దాన్ని సీన్లుగా విడగొట్టొచ్చు. విల్లు ఎత్తేముందు మూడు ఉపాయాలు విఫలం కావాలి. మూడింటికీ హీరో ఏదో ఒకటి చెల్లించుకోవాలి: మొదటిదానికి పరువు, రెండోదానికి స్నేహితుడు, మూడోదానికి సమయం. చాలా డ్రాఫ్టులు పాడయ్యేది ఇక్కడే. హీరో ఓ పేజీ సంధి మాటలాడతాడు, విలన్ నవ్వుతాడు, బాణం వెళ్ళిపోతుంది. ఏమీ పోగొట్టుకోకుండా చేసిన ప్రయత్నాన్ని పాఠకుడు లెక్కలో వెయ్యడు.

కోరాపుట్ మాష్టారు

బాణం సంగతి నేను చూస్తాను. ముందు కొలతలు బిగించుకోండి. నిమిషానికి 2 చుట్లు తిరుగుతూ నేల మీద భూమి బరువే ఉండాలంటే వ్యాసార్థం 224 మీటర్లు. అప్పుడు అంచు వేగం సెకనుకి 47 మీటర్లు. మామూలు విల్లు నుంచి బాణం కూడా ఇంచుమించు అదే వేగంతో వస్తుంది. మీ కథకి ఇది వరం.

గాలి నిరోధం పక్కన పెట్టి, 1.5 మీటర్ల ఎత్తులో, నేలకి సమాంతరంగా, 47 మీటర్ల వేగంతో వదిలారనుకోండి.

స్టేషన్ అక్షం వెంట వదిలితే భూమ్మీదలాగే 26 మీటర్ల దూరంలో నేల తాకుతుంది.

తిరుగుడు దిశలో వదిలితే రెండు వేగాలు కలిసి 94 అవుతాయి. బరువు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక బాణం నాలుగు రెట్లు బరువున్నట్టు దిగిపోతుంది, 13 మీటర్లకే నేల.

తిరుగుడుకి ఎదురు వదిలితే వేగాలు చెల్లిపోతాయి. బయటినుంచి చూస్తే బాణం ఉన్నచోటే ఆగి ఉంటుంది, స్టేషనే దాని కింద తిరుగుతుంది. లోపలివాళ్ళకి అది అదే ఎత్తులో, నేల పడకుండా పోతూ కనిపిస్తుంది. స్టేషన్‌లో గాలి ఉంటుంది గనక అది క్రమంగా బాణాన్ని తనతోపాటు లాక్కుని దించేస్తుంది. కానీ ఓ యాభై అరవై మీటర్లలోపు పోరాటానికి ఆ తేడా ఘోరమైనదే.

భూమి నుంచి వచ్చిన విలుకాడు తిరుగుడు దిశలో గురిపెడితే బాణం ప్రత్యర్థి కాళ్ళ ముందు పడుతుంది, ఎదురు దిశలో పెడితే తలమీంచి పోతుంది. మీ వాడు విల్లు ఎత్తేముందు ఏ పక్క నిలబడాలో చూసుకుంటాడు. నైపుణ్యం అంతా అక్కడే చూపించొచ్చు, కళ్ళు మూసుకుని గురిపెట్టే చమత్కారాలు వద్దు.

కర్రసాముకి ఈ గొడవ పెద్దగా లేదు. సెకనుకి 10 మీటర్ల పోటు ఒక మీటరు పోయేలోపు రెండు సెంటీమీటర్లే వంగుతుంది. కొత్తవాళ్ళని పడగొట్టేది తల తిప్పడం. తిరిగే చోట తలని గభాల్న అడ్డంగా తిప్పితే చెవిలోపలి సమతూకం చెదిరి కళ్ళు తిరుగుతాయి. కాబట్టి స్టేషన్ అఖాడాలో మొదటి పాఠం తల కదపకుండా చూపు కదపడం.

స్టేషన్ నడిబొడ్డున బరువుండదు. అక్కడ కాళ్ళకి పట్టు లేకుండా కర్ర ఊపితే కర్ర ఒకవైపు, ఒళ్ళు ఇంకోవైపు తిరుగుతాయి. 80 కిలోల మనిషి కిలో కర్రని సెకనుకి 20 మీటర్లతో విసిరితే తను 25 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి పోతాడు, నిమిషంలో 15 మీటర్లు. చేతికేమీ అందని చోట దాన్ని ఆపుకోలేడు. అడ్డంగా విసిరితే బొంగరం కూడా అవుతాడు.

పర్లాకిమిడి పాఠకుడు

అబ్బ, మాష్టారూ, రెండు అధ్యాయాలు మళ్ళీ రాయాలి. ముందు చెప్పాల్సింది ఒకటి మరిచాను. విలన్ వేరే మనిషి కాదు, హీరో మనసుకి తీసిన నకలు, వేరే ఒంట్లో ఎక్కించారు. నకలు తీయకముందు హీరో ఒక హత్య కప్పిపుచ్చాడు. ఇప్పుడు ఆ నేరం ఎవరిది అన్నది కథ. దీనికి తత్వం దొరుకుతుందా?

సిరొంచ రేవు

దీనికోసమే పుట్టినట్టుంది పాత బౌద్ధ గ్రంథంలో మిలిందరాజుకీ నాగసేన భిక్షువుకీ జరిగిన సంవాదం. రథం ఉపమానం అందరికీ తెలుసు, చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, మనిషిలో ‘నేను’ కూడా అంతే అని. మీకు కావలసింది దాని తర్వాత వచ్చే మామిడికాయల దొంగ. దొంగ అంటాడు: ‘‘తోటవాడు నాటిన మామిడి వేరు, నేను కోసినది వేరు, కాబట్టి నేను దొంగిలించలేదు.’’ రాజు ఒప్పుకోడు. కోసినది నాటినదాన్నించే వచ్చింది కనుక శిక్ష తప్పదంటాడు. నాగసేనుడు చెప్పేది: తర్వాతవాడు ముందువాడే అనీ కాదు, వేరేవాడు అనీ కాదు. అయినా కర్మ వదలదు.

మీ నకలు దొంగ వాదం చెయ్యాలి, ‘‘ఆ రోజు నేను లేను’’ అని. అసలు హీరో ఇంకా చెడ్డ వాదం చెయ్యాలి, ‘‘నకలు తీసిన రాత్రితో ఆ పాతవాడు పోయాడు’’ అని. ఇద్దరూ మారని ‘నేను’ అంటూ లేదనే అనాత్మవాదాన్నే అడ్డం పెట్టుకుంటారు, ఇద్దరిదీ తప్పే. విచారణ సీను ఒక్కటి చాలు. భిక్షువు పాత్రని మాత్రం తీసుకురాకండి, న్యాయం చెప్పేది వచ్చే పోయే సరుకు రాసుకునే గుమాస్తా అయినా సరిపోతుంది.

నకలు పతనానికి గీత రెండో అధ్యాయం 62, 63 శ్లోకాలు వాడుకోండి. అవి ఎనిమిది మెట్లు: విషయం మీద ధ్యాస, సంగం, కామం, క్రోధం, సమ్మోహం, స్మృతి చెదరడం, బుద్ధి నాశనం, సర్వనాశనం. ఆరో మెట్టు చూడండి, స్మృతి చెదరడం. నకలు మనసుకి అది అక్షరాలా జరగొచ్చు, ఫైలు పాడైనట్టు. శ్లోకం ఎవరి నోటా పలికించొద్దు, మెట్టుకో అధ్యాయం పెట్టుకుంటే చాలు.

జెన్ కావాలంటే ఒక్క ముక్క తీసుకోండి. కత్తి గురువు యగ్యూ మునెనోరికి తకువాన్ భిక్షువు రాసిన లేఖలో ఉన్నది: ఎదుటివాడి కత్తి మీద మనసు ఆగితే ఆ కత్తికే దొరికిపోతావు, నీ కత్తి మీద ఆగినా అంతే. పోరాటం రాసేటప్పుడు వాక్యాలకి ఇది వర్తింపజేయండి. ఏ ఒక్క వస్తువు మీదా రెండో వాక్యం ఖర్చు పెట్టకండి. వాడు ఓడిపోయే చోట మాత్రం ఒకే వస్తువు మీద నాలుగు వాక్యాలు ఆపండి.

రుషికుల్య గట్టు

అంతా బాగుంది గానీ, గీత మెట్లన్నీ విలన్‌కి ఇచ్చేస్తే హీరో మళ్ళీ తప్పులేనివాడు అయిపోతాడు. బరంపురానికి దగ్గర్లోనే జౌగడ ఉంది, అక్కడ అశోకుడి శాసనాలు చెక్కిన బండని ఒకసారి పట్టించుకోండి. కళింగ యుద్ధంలో లక్ష మంది చచ్చారు, లక్షన్నర మందిని తరలించారు, అందుకు బాధపడుతున్నానని అశోకుడు చెప్పుకున్నది పదమూడో శాసనంలో. అది కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది, జౌగడలో లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ లేదు. ఓడిపోయిన కళింగంలో మాత్రం ఆ పశ్చాత్తాపం చెక్కించలేదు. దాని చోట అధికారులకి రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. మనుషులంతా నా బిడ్డలు అన్న మాట అక్కడిదే.

అధికారి చెడిపోయే ఏడు కారణాలు కూడా వాటిలోనే రాశాడు: ఈర్ష్య, ముక్కుమీది కోపం, క్రూరత్వం, తొందర, అశ్రద్ధ, సోమరితనం, అలసట. మీ హీరో కూడా అధికారే కదా. వాడికి అలసట ఇవ్వండి. హత్య కప్పిపుచ్చింది దుర్మార్గంతో కాదు, వరసగా మూడో షిఫ్టు చివర్లో, రిపోర్టు రాయడానికి ఓపిక లేక. రెండువేల ఏళ్ళ కిందటి రాజు అలసటని తప్పుల జాబితాలో ఎందుకు వేశాడో అప్పుడు అర్థమవుతుంది. కొత్త యాజమాన్యం కూడా తన పశ్చాత్తాపాన్ని వేరే స్టేషన్లలో ప్రకటించి ఇక్కడ ప్రకటించకపోతే, కోటా పోయిన కుటుంబాలకి అది ఓ సరుకు ఓడ డ్రైవరు నోట తెలియాలి.

పర్లాకిమిడి పాఠకుడు

అలసట తీసుకున్నాను. కత్తి తీసేశాను. మాష్టారూ, ఆఖరి బాణాల పోరు జరిగే వరండా ఎటు పెట్టమంటారు?

కోరాపుట్ మాష్టారు

తిరుగుడు దిశలో పెట్టండి, అక్షం వెంట వద్దు. పొడవు 40 మీటర్లు చాలు. నేల 40 మీటర్లలో 10 డిగ్రీలు పైకి వంగుతుంది, కాబట్టి పైకప్పు ఎత్తు 6 మీటర్లైనా ఉంచండి, లేకపోతే ఎత్తి వేసిన బాణం దానికే తగులుతుంది. ఇద్దరి విలువిద్యా ఒకటే, జ్ఞాపకాలూ ఒకటే. కాబట్టి తిరుగుడుకి ఎదురుగా బాణం వెయ్యగలిగే చివరని ముందు ఎవడు ఆక్రమిస్తే వాడిదే పైచేయి. తలుపు ఏ చివర ఉందో నాలుగు అధ్యాయాల ముందే చెప్పెయ్యండి.