కగామిబిరాకి: పగలగొట్టేదాన్ని "తెరవడం" అంటారెందుకు?

పదకుతూహలం:
జనవరి 11న జపాన్‌లో కొత్త సంవత్సరపు కగామిమోచిని, అంటే ఇంట్లో అలంకరించి పెట్టిన గుండ్రటి మోచిని (జిగురుబియ్యపు ముద్దని), పగలగొట్టి తింటారు. ఆ వేడుక పేరు కగామిబిరాకి. కగామి అంటే అద్దం, హిరాకు అంటే తెరవడం. సమాసంలో హకారం బకారమైంది, మన గసడదవాదేశం లాగా. చేసేది పగలగొట్టడం, అనేది తెరవడం. "బియ్యం నిండుకున్నాయి" లాంటిదేనా ఇది?

టోక్యోవాసి:
ఆ కోవలోదేనండీ. ఇలా నోట రానివ్వని మాటల్ని అక్కడ ఇమికొతోబా అంటారు. శుభకార్యంలో వారు (పగలగొట్టు), కిరు (కోయు) పలకరు. పెళ్ళిలో కేకు కోసినా "కత్తి పెట్టడం" అనే అంటారు. విందు ముగిస్తే "ఒహిరాకి", అంటే మళ్ళీ తెరవడమే. మోచి దగ్గరైతే కత్తి కూడా ముట్టరు. సమురాయ్ యోధుల ఇళ్ళలో అది కడుపు కోసుకోవడాన్ని గుర్తుచేసేదట.

జపాన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. కగామిమోచిని డిసెంబరు 28న పెట్టడం మంచిదంటారు. 29 వద్దు: తొమ్మిదీ "కు", కష్టమూ "కు". 31న పెడితే ఒక్క రాత్రి అలంకారం, చావింటి హడావిడిలా ఉంటుందని మానేస్తారు. తీసే తేదీ అంతటా 11 కాదు. క్యోటోలో 4, ఆ చుట్టుపక్కల కాన్సాయ్‌లో చాలాచోట్ల 15 లేదా 20.

ఎండి బీటలు వారిన మోచి అయితే కింద గుడ్డ పరిచి చెక్క సుత్తితో కొట్టండి. సరిగా ఎండకపోతే సొట్ట పడుతుందే గానీ పగలదు. అప్పుడు సగం రోజు నీళ్ళలో నానబెట్టి, మైక్రోవేవ్‌లో మెత్తబరిచి, తడిచేత్తో తుంచాలి. బూజు పడితే పైపైన గీకి తినొద్దు, అది లోపలికీ పాకుతుంది. ఈ బెడద లేకుండా ప్లాస్టిక్ అచ్చులో మూసినవి దొరుకుతాయి. కొన్నిట్లో ఒకటే ముద్ద, కొన్నిట్లో విడివిడిగా చుట్టిన చిన్న మోచిలు. తక్కువమంది ఉన్న ఇంటికి రెండోరకమే మేలు. అజుకి అనే చిన్న ఎర్ర గింజల తియ్యటి జావలో వేసుకునేటప్పుడు ముక్కలు చిన్నవి చెయ్యండి. మోచి గొంతులో అడ్డంపడి కొత్త సంవత్సరం రోజుల్లో ఏటా పెద్దవాళ్ళ ప్రాణాలు పోతుంటాయి.

మాటలమూట:
"నిండుకోవడం"తో జోడు కట్టడం నాకు నప్పలేదు. నిండుకోవడం అచ్చంగా తిరగేసిన మాట. హిరాకు అలా కాదు, పగిలినది తెరుచుకున్నట్టే కదా. మాట తిరగెయ్యలేదు, చూపు మార్చారంతే. దీనికి దగ్గరది "దీపం కొండెక్కింది". నిండుకోవడానికి అసలైన జోడు అక్కడి పియర్ పండు. దాని పేరు నాషి. "లేదు" అన్నా అదే ధ్వని. అందుకని "ఆరి నో మి", అంటే "ఉన్న పండు" అన్నారు. ఎండు స్క్విడ్ సురుమేలో కూడా "సురు" ఉంది, డబ్బు పోగొట్టుకోవడం. దాన్ని "అతారిమే" చేశారు. అతారి అంటే గెలుపు.

పదకుతూహలం:
అయితే మంగళసూత్రం తెగితే "పెరిగింది" అనడం ఆరి నో మి పక్కన చేరుతుంది. ఒప్పుకున్నాను. మరి మోచి మీద పెట్టే ఆ నారింజ సంగతేమిటి?

టోక్యోవాసి:
అది దైదై. "తరతరాలు" అనే మాటదీ అదే ధ్వని. పైగా ఆ కాయ కోయకపోతే ఏళ్ళ తరబడి చెట్టునే ఉంటుంది. ఇప్పుడు చాలా ఇళ్ళలో మికాన్ (తియ్యటి కమలా) పెట్టేస్తున్నారు, లేదా ప్లాస్టిక్ కాయ. శ్లేష పోయింది. తినడానికి మాత్రం మికానే నయం, దైదై పులుపూ చేదూ.