అప్‌డేట్: కాస్టిల్లా కౌంటీలో 5 ఎకరాలు, చూసొచ్చాం

కొలరాడోలోని కాస్టిల్లా కౌంటీలో చవకగా దొరికే 5 ఎకరాలు కొని, సోలార్ కరెంటు, సొంత పంటతో బతకొచ్చా అని పోయిన నెల అడిగాను కదా. డెన్వర్ నుంచి వెళ్లి చూసొచ్చాం. "ముందు నీళ్ల సంగతి చూడండి" అన్నవాళ్లకు దండం. 35 ఎకరాల లోపు స్థలానికి మామూలుగా ఇచ్చే బోరు పర్మిట్ ఇంట్లో వాడకానికే. దాంతో తోటకూర మడి తడిపినా తప్పే! వాన నీళ్లు పట్టుకుందామంటే రెండు పీపాలు, మొత్తం 110 గ్యాలన్లు దాటకూడదు. అదైనా 2016 నుంచే ఒప్పుకుంటున్నారు. పైగా ఏడున్నర వేల అడుగుల ఎత్తు, జూన్‌లో కూడా మంచు పట్టి మొక్కలు మాడతాయి. ఎండకు మాత్రం కొదవలేదు. బెండకాయలు కాయని చోట ఉండనని మా ఆవిడ తేల్చేసింది. కొనడం లేదు. నీటి హక్కుతో కలిపి అమ్మే భూమి కోసం వెతుకుతున్నాం.