తక్కువ ప్రీమియం కోసం డిడక్టిబుల్ పెంచుకోవడం తెలివైన పనేనా?

పొదుపరి:
నా ముందు రెండు హెల్త్ పాలసీలున్నాయి. లెక్క తేలిగ్గా ఉండాలని చిన్న అంకెల్లో చెప్తాను. మొదటిదానికి ఏడాది ప్రీమియం 20, డిడక్టిబుల్ (ఆస్పత్రి బిల్లులో ముందుగా మనం పెట్టుకోవాల్సింది) 10. రెండోదానికి ప్రీమియం 12, డిడక్టిబుల్ 50. రెండోది తీసుకుంటే ఏటా 8 మిగులుతుంది. అయిదేళ్లు ఆస్పత్రి గడప తొక్కకపోతే 40 చేతిలో ఉంటుంది, డిడక్టిబుల్ తేడా పూడిపోయినట్టే. ఆరోగ్యంగా ఉన్నవాడు ఎక్కువ ప్రీమియం ఎందుకు పొయ్యాలి?

మందులడబ్బా:
అయిదేళ్లు ఆగి వస్తానని జబ్బు మీకు మాటిచ్చిందా అండీ? రెండేళ్లకే వస్తే మీ దగ్గరుండేది 16.
పైగా డిడక్టిబుల్ ఏటా మళ్లీ మొదటికొస్తుంది. మా ఇంట్లో ఆపరేషన్ పాలసీ ఏడాది ఆఖరి వారంలో పడింది, తర్వాతి చికిత్స కొత్త ఏడాదిలోకి జారింది. ఒకే జబ్బుకి రెండుసార్లు కట్టాం. కాగితాల్లో రాసే ఉంది, మేమే చదవలేదు.

లెక్కలపిచ్చి:
ఇద్దరూ కో-పే (డిడక్టిబుల్ పోగా మిగిలిన బిల్లులో మన వాటా) సంగతి వదిలేశారు. రెండు పాలసీల్లోనూ 20 శాతం అనుకుందాం, బిల్లు 200. రెండోదాంట్లో డిడక్టిబుల్ 50, మిగిలిన 150లో మీ వాటా 30, మొత్తం 80. మొదటిదాంట్లో 10, ఆపైన 190లో 38, వెరసి 48. అంటే తేడా 40 కాదు, 32. (పొదుపరి గారూ, అప్పుడే సంబరపడకండి.) ఏడాదికి మన జేబు నుంచి 60కి మించి పోకూడదన్న గరిష్ఠ పరిమితి ఉంటే ఆ 80 కాస్తా 60 అవుతుంది, తేడా 12కి దిగుతుంది. నేనైతే ప్రీమియం కన్నా ముందు ఆ పరిమితే వెతుకుతాను.

మందులడబ్బా:
కాగితం మీద బాగానే ఉంది. సొంత డబ్బు పోతుందంటే మనిషి డాక్టరు దగ్గరికే వెళ్లడు, దాన్నెక్కడ వేస్తారు? అమెరికాలో 1970లలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ మొదలుపెట్టిన ఆరోగ్య బీమా ప్రయోగంలో, ఖర్చులో వాటా పడ్డవాళ్లు అక్కర్లేని వైద్యంతో పాటు కావాల్సిన వైద్యాన్నీ తగ్గించుకున్నారు. పేదల్లో బీపీ ఉన్నవాళ్లకు ఉచిత వైద్యమే మేలు చేసింది.

లెక్కలపిచ్చి:
అందులోనే సగటు మనిషి ఆరోగ్యానికి పెద్ద తేడా రాలేదనీ తేలింది. అదీ చెప్పండి.

పొదుపరి:
రెండో పాలసీలో గరిష్ఠ పరిమితి కోసం రెండుసార్లు వెతికాను, లేదు. ఏజెంటుని అడిగితే "అంత బిల్లు ఎవరికొస్తుందండీ" అన్నాడు. మొదటిదే తీసుకునేలా ఉన్నాను. అన్నట్టు, నేనూ రోజూ బీపీ మాత్ర వేసుకుంటాను, ఇక్కడ చెప్పలేదు.

మందులడబ్బా:
ఇక్కడ చెప్పకపోతే పోయింది. పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో రాశారా?