కరిగే మల్చింగ్ షీటులో తగరం ఉంటే ఒప్పుకోవాలా?

పుచ్చతోట: మాది ఉలవపాడు పక్కన ఇసుక నేల. పుచ్చకి కలుపు రాకుండా, చెమ్మ పోకుండా బోదె మీద పరిచిన ప్లాస్టిక్ మల్చింగ్ షీటు కోత అయ్యాక పీకాలంటే కూలోళ్లు విసుక్కుంటారు. చిరిగిన పేలికలు గట్టు మీద కుప్పేస్తే గాలికి మళ్లీ చేలోకే వస్తాయి. అందుకే మట్టిలో కలిసిపోయే షీటు చూస్తున్నా. దాని తయారీలో తగరం వాడతారు, అది నేలలో మిగిలిపోద్దని మా తమ్ముడంటాడు. తగరం లేనిదే కావాలని పట్టుబట్టాలా?

సముద్రపుగాలి: పట్టుబట్టన్నా. పడవల అడుగున గుల్లలు పట్టకుండా పూసే రంగులో తగరం మందు ఉండేది. దాని దెబ్బకి ఆడ నత్తలకి మగ లక్షణాలు వచ్చాయి. 2008లో అంతర్జాతీయంగా నిషేధం అమల్లోకొచ్చింది. మన చేల నీళ్లు పోయేది రొయ్యల గుంటల వైపే గదా.

రసాయనం మాస్టారు: ఆ పోలిక తప్పు తమ్ముడూ. పడవ రంగులోది ట్రైబ్యూటైల్ టిన్. అందులో తగరానికి కార్బన్ గొలుసులు నేరుగా అతుక్కుని ఉంటాయి. ఆ విషం అందువల్లే. కరిగే షీట్లలో వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తయారీలో పనికొచ్చే తగరం ఉత్ప్రేరకం స్టానస్ ఆక్టోయేట్. అందులో ఆ అతుకు లేదు. లాక్టైడ్ అనే ఉంగరం ఆకారపు అణువుని తెరిచి పొడుగు గొలుసుగా అల్లడమే దాని పని.

ఎకరాకి 60 కిలోల షీటు, కిలోకి 100 మిల్లీగ్రాముల తగరం అనుకుందాం. పంటకి 6 గ్రాములు. అయినా ఉత్ప్రేరకంగా తగరం బదులు నా ఓటు జింక్‌కే. వరి ఆకు మీద తుప్పు మచ్చలొస్తే ఎకరాకి 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లుతాం, అందులో జింకే 4 కిలోల పైన. 6 గ్రాముల జింక్ మిగిలితే పైరే వాడుకుంటుంది. తగరం పైరుకి ఎందుకూ పనికిరాదు. షీటు లాక్టిక్ ఆమ్లంగా విడిపోయి సూక్ష్మజీవులకి తిండైపోతుంది, లోహం మాత్రం ఏటేటా అక్కడే చేరుతుంది.

రియాక్టర్ షిఫ్టు: మాస్టారూ, పాలిమర్ ప్లాంటులో పనిచేసినోణ్ణి. మామూలు జింక్ లవణాలు బాగా నెమ్మది. 180 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు కాగితే సరుకు తేనెరంగుకి తిరుగుతుంది, గొలుసులు తెగుతాయి. చురుకైన మెగ్నీషియం, కాల్షియం ఉత్ప్రేరకాలేమో చెమ్మ తగిలితే చచ్చిపోతాయి. తగరాన్ని వదల్లేకపోతున్నది అందుకే.

రసాయనం మాస్టారు: ఆ ఇబ్బంది నిజమే. కానీ జర్మనీలోని ఆహెన్‌లో సోన్యా హెర్రెస్‌పావ్లిస్ బృందం గ్వానిడీన్ అనే సేంద్రియ అణువు కలిపిన జింక్ ఉత్ప్రేరకంతో స్టానస్ ఆక్టోయేట్‌ని మించిన వేగం చూపింది. మనం అడగకపోతే అది ల్యాబ్ దాటి రాదు.

రియాక్టర్ షిఫ్టు: అడగండి. పుచ్చతోట అన్నా, నువ్వు ముందు ఇంకోటి అడుగు. ఒట్టి పీఎల్ఏ అయితే 60 డిగ్రీల ఎరువు కుప్పలో కరుగుద్ది గానీ చేలో ఏళ్లకేళ్లు ఉంటుంది. మట్టిలో కలిసే షీట్లలో పీబీఏటీ అనే ఇంకో కరిగే ప్లాస్టిక్కు ఎక్కువ. దాని తయారీలో సాధారణంగా వాడేది టైటానియం, తగరం కాదు.

పుచ్చతోట: అమ్మేటాయనకి ఇప్పుడే ఫోన్ చేశా. ఏ ప్లాస్టిక్కు, ఏ లోహం అంటే చెప్పలేకపోయాడు. కంపెనీ నుంచి కాగితం మీద రాయించుకు రమ్మన్నా. అది వచ్చేదాకా రెండెకరాల ఆర్డరు ఆపేశా. వస్తే ముందు రెండు బోదెలకి ఏసి చూస్తా.