హైదరాబాద్ ఆకాశంలో నెబ్యులా ఫొటోలకు 7 నానోమీటర్ల ఫిల్టర్ చాలా, 3 కావాలా?

80 ఎంఎం ఎఫ్/6 రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోప్), కూలింగ్ ఉన్న కలర్ కెమెరా, డాబా మీద బోర్టల్ 8 (ఆకాశంలో కాంతి కాలుష్యానికి 1 నుంచి 9 దాకా ఉండే కొలత). వీధిదీపాలు ఎల్‌ఈడీలయ్యాక ఆ వెలుగును ఆపే పాత సీఎల్‌ఎస్ ఫిల్టర్ పెద్దగా పనిచేయట్లేదు, వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది మరి. అందుకే రోసెట్ నెబ్యులా కోసం 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ ఆల్ఫా, 500.7 ఆక్సిజన్ వర్ణపట గీతలను మాత్రమే వదిలే డ్యూయల్‌బ్యాండ్ ఫిల్టర్ చూస్తున్నాను. బ్యాండ్ వెడల్పు 3 నానోమీటర్లే ఉన్నది బాగా ఖరీదు. ఎఫ్/6కి ఫిల్టర్ వదిలే బ్యాండ్ పక్కకు జరిగిపోతుందన్న భయం లేదు. అనుమానమంతా వెన్నెల్లో ఆక్సిజన్ సిగ్నల్ గురించి, పెద్ద నక్షత్రాల చుట్టూ వచ్చే వలయాల గురించి. వాడినవాళ్లు స్ట్రెచ్ చేయని (సాఫ్ట్‌వేర్‌లో వెలుగు పెంచని) 300 సెకన్ల ఫ్రేమ్ ఒకటి చూపించగలరా?

ఇంకోటి, గురుడికి 8 అంగుళాల ఎస్‌సీటీ (ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోప్). సెన్సర్ ముందు ఐఆర్ కట్ (పరారుణ కాంతిని ఆపే ఫిల్టర్) లేదు. గాలి నిలకడ లేని రాత్రి 685 నానోమీటర్ల ఐఆర్ పాస్ (అంతకు పైనున్న కాంతినే వదిలే ఫిల్టర్) సరిపోతుందా, 807 దాకా వెళ్లాలా? వెళ్తే ఎక్స్‌పోజర్ ఎంత పెంచాలి?