పడకగది డీప్ క్లీనింగ్ చేస్తే నిద్ర నిజంగా బాగుపడుతుందా, లేక మన నమ్మకమేనా?

కలతనిద్ర:
నమస్తే అందరికీ. మా ఇంట్లో ఇదే గొడవ నడుస్తోంది, మీరేమంటారో చెప్పండి. నాకు కొన్నాళ్లుగా నిద్ర సరిగ్గా ఉండట్లేదు, తెల్లారి లేస్తే రాత్రంతా పడుకున్నట్టే ఉండదు, తల దిమ్ముగా ఉంటుంది. మా అక్కేమో ముందు ఆ పడకగది ఖాళీ చెయ్యి, పరుపు లేపి, కర్టెన్లు ఉతికి, ఫ్యాను రెక్కలూ బీరువా పైనా మంచం కిందా మొత్తం తుడువు, ఆ రాత్రే తేడా తెలుస్తుంది అంటోంది. మా ఆయన ఒప్పుకోడు. నిద్ర మనసుకి సంబంధించింది, గది కడిగితే వచ్చేది కాదు, రోజంతా ఒళ్లు హూనం చేసుకున్నాక ఆ అలసటకి ఎలాగూ నిద్ర పడుతుంది, దాన్ని చూసి క్లీనింగ్ పనిచేసిందనుకుంటారు అంటాడు. ఆయన మాట కొట్టిపారేయబుద్ధి కావట్లేదు, అక్క మాటా కాదనలేకపోతున్నా. డీప్ క్లీనింగ్‌తో నిద్ర బాగుపడినవాళ్లు ఎవరైనా ఉంటే ఎందుకు బాగుపడిందో కూడా చెప్పండి ప్లీజ్.

తడిగుడ్డ:
మీ అక్క చెప్పిందే కరెక్ట్ అండి, ఇందులో నాకు ఏ డౌటూ లేదు. ఒకసారి దిండు గలీబు విప్పి లోపలి దిండు చూడండి, తల ఆనే చోట పసుప్పచ్చ మరకలుంటాయి, అదంతా చెమట, జిడ్డు. మంచం తలాపు వైపు చెక్కకీ గోడకీ మధ్య గుడ్డ దూర్చి లాగండి, బూడిద రంగు దుమ్ము వెంట్రుకలతో కలిసి ఉండలుగా వస్తుంది. రాత్రంతా మన ముక్కు ఉండేది దానికి జానెడు దూరంలోనే కదా. ఆ పరుపులో, దిండులో డస్ట్ మైట్స్ ఉంటాయి, పావు మిల్లీమీటరు సైజు, ఒట్టి కంటికి ఆనవు, కుట్టవు, కరవవు, మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. అవి నీళ్లు తాగవు, గాలిలో ఉండే చెమ్మనే పీల్చుకుంటాయి కాబట్టి మన చెమటా వెచ్చదనమూ ఉండే పరుపు కన్నా మంచి చోటు వాటికి దొరకదు. మనకి పడనిది ఎక్కువగా వాటి రెట్ట. అది పడనివాళ్లకి ముక్కు దిబ్బడేస్తుంది, నోటితో గాలి పీలుస్తారు, గొంతు ఎండిపోయి మెలకువ వస్తుంది, మళ్లీ పడుకుంటారు మళ్లీ లేస్తారు, పొద్దుటికి ఆ మెలకువలేవీ గుర్తుండవు కానీ తల బరువు మాత్రం మిగులుతుంది. మా చిన్నోడికి రాత్రిళ్లు ఒకటే దగ్గు ఉండేది, వాడి గదిలో కార్పెట్ తీసేసి, దిండ్లు మార్చి, పక్కబట్టలు వారం వారం వేడినీళ్లలో ఉతకడం మొదలెట్టాక వాడూ పడుకుంటున్నాడు మేమూ పడుకుంటున్నాం. ఇది నమ్మకం అంటే నేనొప్పుకోను.

లెక్క_తప్పదు:
తడిగుడ్డ గారూ, బాబుకి తగ్గినందుకు నిజంగా సంతోషం. కానీ మన ఇంట్లో జరిగింది అందరికీ జరుగుతుందని చెప్పేముందు ట్రయల్స్ (మనుషుల్ని గుంపులుగా చేసి పోల్చి చూసే పరీక్షలు) ఏమన్నాయో చూడాలి కదా. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద ట్రయల్ వచ్చింది, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు 1,122 మంది, కొందరికి పరుపుకీ దిండుకీ మైట్స్ దాటలేని కవర్లు ఇచ్చారు, మిగతావాళ్లకి చూడ్డానికి అలాగే ఉండే మామూలు కవర్లు ఇచ్చారు, ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకి తెలియదు. ఆస్తమాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే ఏడాది ముక్కు ఎలర్జీ ఉన్నవాళ్ల మీద చేసినదాంట్లో కవర్ల వల్ల పరుపులో మైట్స్ తాలూకు పదార్థం బాగా తగ్గింది, తుమ్ములూ దిబ్బడా మాత్రం మామూలు కవర్లవాళ్ల కన్నా ఏమీ తగ్గలేదు. 2008లో కోక్రేన్ వాళ్లు, అంటే వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే సంస్థ, ఇలాంటివి 54 ట్రయల్స్ కలిపి చూసి, ఆస్తమాకి ఈ మైట్స్ తగ్గించే పద్ధతుల్ని సిఫార్సు చేయలేం అని రాశారు. ఇవి ఆస్తమానో ఎలర్జీనో ఉన్నవాళ్ల మీద చేసినవి. ఎలర్జీయే లేని మనిషికి పరుపు దులిపితే నిద్ర వస్తుందని ఏ ఆధారంతో చెబుతాం?

ఇంకోటి, పదేళ్లలో మైట్స్ వల్ల పరుపు బరువు రెట్టింపవుతుందని అందరూ ఫార్వర్డ్ చేస్తుంటారు చూడండి, దానికి ఎక్కడా ఆధారం లేదు. భయపెట్టి పరుపులూ స్ప్రేలూ అమ్ముకునేవాళ్లకి పనికొచ్చే మాట అది. నిద్రపట్టక ఇప్పటికే దిగులుగా ఉన్న మనిషికి నీ పరుపు నిండా పురుగులే అని చెప్పడం మంచిది కాదు, ఆ రాత్రి అసలే పడుకోరు.

తడిగుడ్డ:
బరువు సంగతి నేనెక్కడా అనలేదండి, అది అబద్ధమని నాకూ తెలుసు. మీరు చెప్పిన మొదటి రెండు ట్రయల్స్‌లో పరీక్షించింది కవర్లు తొడగడం ఒక్కటే. కర్టెన్లు అలాగే, కార్పెట్ అలాగే, గదిలో చెమ్మ అలాగే. దాన్ని పట్టుకుని క్లీనింగ్ పనికిరాదంటే ఎలా? 2004లో అదే జర్నల్‌లో ఇంకో ట్రయల్ ఉంది, అమెరికాలో ఆస్తమా ఉన్న 937 మంది పిల్లలు, వాళ్ల ఇళ్లలో పక్కబట్టలకి కవర్లు, హెపా వ్యాక్యూమ్ (సన్నటి దుమ్మునీ పట్టే ఫిల్టర్ ఉన్నది), బొద్దింకల నివారణ, ఇలా ఆ పిల్లాడికి ఏది పడదో దాన్ని బట్టి అన్నీ కలిపి చేశారు. ఆస్తమా ఇబ్బంది పెట్టే రోజులు తగ్గాయి. మరి దీని గురించి ఏమంటారు?

లెక్క_తప్పదు:
అది మంచి ట్రయల్, కాదనను. కానీ దాంట్లో ఏం చేశారో మీరే చెప్పారు, పిల్లాడికి ఏది పడదో ముందు టెస్ట్ చేసి తెలుసుకుని, దానికి తగ్గట్టు ఏడాది పాటు చేశారు. ఒక ఆదివారం గదంతా తిరగేసి సోమవారం నుంచి మామూలే అనే డీప్ క్లీనింగ్ కాదు అది. ఇక్కడ అడిగింది ఆ రాత్రే తేడా తెలుస్తుందా అని.

రాత్రిషిఫ్ట్:
మీ ఇద్దరూ ముక్కు దగ్గరే ఆగిపోయారు. నిద్ర పాడవడానికి ముక్కొక్కటే కారణమా? నేను పగలు పడుకునే మనిషిని కాబట్టి చెప్తున్నా, నా గదిలో దుమ్ము కన్నా ముందు నిద్ర చెడగొట్టేది వెలుతురు. కర్టెన్ అంచు దగ్గర వేలెడు సందు ఉంటే చాలు సరిగ్గా కళ్ల మీద పడుతుంది. వెలుతురు పడితే మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ తగ్గిపోతుంది, అది ఒంట్లో జరిగే పని, మన ఇష్టంతో పనిలేదు. కాబట్టి డీప్ క్లీనింగ్ అని కర్టెన్లు తీసినప్పుడు ఉతికి అలాగే తగిలించకుండా ఆ సందులు మూసే పని చూడండి, ఛార్జర్ల లైట్లకి టేప్ వేయండి.

ఇక అసలైన నిద్రలేమి, అంటే పడుకున్నాక గంటలు గంటలు దొర్లడం, దానికి క్లీనింగ్ మందు కాదు. 1972లోనే రిచర్డ్ బూట్‌జిన్ అనే సైకాలజిస్ట్ చెప్పిన పద్ధతి ఉంది, మంచం నిద్రకే వాడాలి, మంచం మీద ఆఫీసు పని, ఫోను, బిల్లుల లెక్కలు ఏవీ వద్దు, నిద్ర పట్టకపోతే లేచి బయటికెళ్లి నిద్ర వచ్చినప్పుడే రావాలి. ఇప్పుడు డాక్టర్లు ఇచ్చే సీబీటీ-ఐ అనే, మందుల్లేకుండా ఆలోచనలూ అలవాట్లూ మార్చే చికిత్సలో ఇది ముఖ్యమైన భాగం, 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలపు నిద్రలేమి ఉన్న పెద్దవాళ్లకి మాత్రల కన్నా ముందు దీన్నే ఇవ్వమంది. గదిలోంచి లాప్‌టాప్ టేబుల్ బయట పెట్టేయడమే నా లెక్కలో మొదటి క్లీనింగ్.

కలతనిద్ర గారూ, అసలు విషయం మీరు చెప్పలేదు. పడుకోగానే నిద్ర పట్టట్లేదా, లేక పట్టాక తెగిపోతోందా? పొద్దున లేవగానే ముక్కు ఎలా ఉంటుంది? గురక పెడతారా?

కలతనిద్ర:
పడుకోగానే పడుతుందండి, అదేం ప్రాబ్లం కాదు. తెల్లవారుజామున మెలకువ వస్తుంది, ఒక పక్క ముక్కు పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది, లేవగానే వరసగా తుమ్ములు, స్నానం చేసి బయటికెళ్తే పోతుంది. ఊరెళ్లి వేరే చోట పడుకుంటే ఇంత ఉండదు, ఇప్పుడు మీరడిగితే తట్టింది. గురక లేదు అంటాడు మా ఆయన.

తడిగుడ్డ:
చూశారా! వేరే చోట పడుకుంటే తగ్గుతోందంటే ఇంకేం కావాలి.

లెక్క_తప్పదు:
సరే, ఈమె విషయంలో నేను ఒప్పుకుంటా, ఇది గదిలో ఏదో పడకపోవడం లాగే ఉంది. అయినా ఎలర్జీ టెస్ట్ చేయించుకోమనే చెప్తా, పడనిది మైట్స్ కావచ్చు, పిల్లి కావచ్చు, గోడ చెమ్మకి పట్టిన బూజు కావచ్చు, ఒక్కోదానికి చేయాల్సింది వేరు. మైట్స్ తాలూకు దుమ్ము బరువైనది, పక్క దులిపినప్పుడు లేచి కాసేపట్లోనే కిందకి దిగిపోతుంది, అందుకే దాని మీద ఎయిర్ ప్యూరిఫైయర్ పెద్దగా పనిచేయదు. పిల్లి తాలూకుది సన్నం, గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. ఏదో తెలియకుండా మెషిన్లు కొనకండి. కానీ ముక్కు బాగానే ఉండి ఆలోచనలతో నిద్ర పట్టనివాళ్లు ఇది చదివి గది కడగడం మొదలెడితే నేను మాత్రం వద్దనే అంటా, వాళ్లకి కావాల్సింది రాత్రిషిఫ్ట్ గారు చెప్పింది.

కిటికీపక్క:
ఒక్కటి చెప్పాలి, ఎవరూ అనలేదు కాబట్టి. గాలి. తలుపులూ కిటికీలూ బిగించుకుని ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి గదిలో కార్బన్ డయాక్సైడ్ 2,000 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 2,000 వంతులు) దాటడం మామూలే, బయట గాలిలో ఉండేది 420 చిల్లర. డెన్మార్క్‌లో హాస్టల్ గదుల్లో పడుకునే స్టూడెంట్ల మీద చేసిన స్టడీ 2016లో వచ్చింది, గాలి బాగా ఆడిన వారంలో నిద్రా మెరుగ్గా ఉంది, మర్నాడు బుర్రా బాగా పనిచేసింది. ఈ డీప్ క్లీనింగ్ చేసేవాళ్లు చివర్లో చేసే పనేంటంటే ఘాటైన ఫ్లోర్ క్లీనర్ కొట్టి, రూమ్ స్ప్రే చల్లి, తలుపేసి అందులోనే పడుకుంటారు! ముక్కు సున్నితంగా ఉన్నవాళ్లకి ఆ వాసనే చాలు రాత్రి పాడవడానికి. దయచేసి బ్లీచ్‌ని యాసిడ్ క్లీనర్‌తో గానీ అమ్మోనియా ఉన్నదాంతో గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది, చిన్న గదిలో చాలా ప్రమాదం. పడకగదికి నీళ్లూ కాస్త సబ్బూ సరిపోతాయి. పొద్దున్నే మొదలెట్టండి, సాయంత్రం దాకా కిటికీలు తెరిచే ఉంచండి.

తడిగుడ్డ:
కిటికీపక్క గారు చెప్పింది నిజం. కలతనిద్ర గారూ, మీరు చేసేటట్టయితే ఇలా చేయండి. ముందు పక్కబట్టలు నెమ్మదిగా మడిచి తీయండి, విదిలించొద్దు. పైనుంచి కిందకి రావాలి, ఫ్యాను రెక్కలకి పాత గలీబు తొడిగి లాగితే దుమ్ము అందులోనే పడుతుంది, తర్వాత బీరువా పైన, కర్టెన్ రాడ్డు, తలాపు చెక్క, చివర్లో నేల. పొడి చీపురూ పొడిగుడ్డా అస్సలు వద్దు, అన్నీ తడిగుడ్డతోనే. పక్కబట్టలు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి, చల్లనీళ్లలో ఉతికితే దుమ్ము చాలావరకు పోతుంది కానీ మైట్స్ చావవు. పరుపుని వ్యాక్యూమ్ చేసేటప్పుడు కుట్ల దగ్గరా అంచుల దగ్గరా నిదానంగా లాగండి, నీళ్లు మాత్రం పొయ్యొద్దు, లోపల ఆరకపోతే బూజు పడుతుంది. బేకింగ్ సోడా చల్లితే వాసన పోతుంది, అంతకుమించి ఏమీ కాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ పని మీరు చేయకండి. పడనిది మీకు, దుమ్ము లేపేదీ మీరే అయితే ఆ రాత్రి ఇంకా ఎక్కువవుతుంది. మీ ఆయన్ని చేయమనండి, మీరు ఆ పూట బయట ఉండండి, తప్పదంటే మాస్క్ పెట్టుకోండి. తర్వాత వారానికోసారి పక్కబట్టలు ఉతకడం మానొద్దు. గదిలో తేమ 50 శాతం లోపు ఉంచగలిగితే మైట్స్ మెల్లగా ఎండిపోతాయి, కానీ వాటి రెట్ట అలాగే ఉంటుంది, ఉతుకుతూ తుడుస్తూ ఉంటేనే పోతుంది. ఆ రాత్రే తేడా వస్తుందని మాత్రం నేను చెప్పను, వారాలు పట్టొచ్చు.

లెక్క_తప్పదు:
ఈ పోస్టులో నాకు అభ్యంతరం లేదు. కాకపోతే అన్నీ ఒకేరోజు మార్చకండి, ముందు దిండూ పక్కబట్టలూ, కొన్ని వారాలు చూసి తర్వాత కర్టెన్లు. లేకపోతే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

తడిగుడ్డ:
ముక్కు మూసుకుపోయి బాధపడే మనిషిని ఒక్కోటీ టెస్ట్ చేసుకోమంటారేంటండీ, తగ్గడం ముఖ్యమా, దేనివల్లో తెలియడం ముఖ్యమా?

లెక్క_తప్పదు:
తెలిస్తేనే కదా జీవితాంతం ఏది చేయాలో, ఏది మానేయొచ్చో తేలేది. అన్నీ ప్రతివారం చేసే ఓపిక ఎవరికుంటుంది? నాలుగు వారాలకి విసిగిపోయి మొత్తం మానేస్తారు.

కలతనిద్ర:
అందరికీ థాంక్స్. మా ఆయనకి చదివి వినిపించా, ఆదివారం తనే చేస్తానన్నాడు, టెస్ట్‌కి కూడా అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నాం. నేను లెక్క గారి ప్రకారమే దిండుతో మొదలెడతా. ఒక్క డౌట్, మా పాప మా మధ్యే పడుకుంటుంది, దాని బొచ్చు బొమ్మ లేకపోతే నిద్రపోదు, అది వేడినీళ్లలో వేస్తే పాడైపోతుంది. ఏం చేయాలి?

తడిగుడ్డ:
కవర్లో వేసి గట్టిగా మూతికట్టి ఫ్రీజర్లో ఒక రోజు పైన ఉంచండి, చలికి మైట్స్ చస్తాయి. తర్వాత మామూలు నీళ్లలో ఉతకండి, ఎందుకంటే చచ్చినవీ రెట్టా బొమ్మలోనే ఉంటాయి. లోపలి దూది పూర్తిగా ఆరేదాకా పక్కమీదకి రానివ్వకండి. వీలైతే అలాంటిదే ఇంకోటి తెచ్చిపెట్టుకోండి, ఒకటి ఫ్రీజర్లో ఉన్న రాత్రి పాప గోల పెడుతుంది.